మామయ్య బూట్ల గీతలు

మామయ్యగారూ, బేకరీకి తొందరగా రమ్మన్నారు, వెళ్తున్నాను. వంట చేసి మూతపెట్టాను, వేడి చేసుకుని తినండి. మాత్ర మర్చిపోకండి. ఆస్పత్రి సంచి సర్దేశాను, మీ బైబిలు పైనే ఉంది.

గడప దాటని రోజున కూడా చర్చికి వేసుకెళ్ళే బూట్లు వేసుకుని ఇంట్లో టకటకా తిరుగుతారు. తుడిచిన నేలంతా నల్లటి గీతలే! ఇంట్లో బూట్లేంటండీ అని అరిస్తే, "ప్రభువు పంపిన రోజు గుమ్మంలోకొస్తే వట్టికాళ్ళతో ఎదురెళ్ళమంటావా అమ్మాయ్?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఎముకలో గడ్డ ముదిరింది, రేపటి ఆపరేషన్లో ఎడమకాలు తీసేయక తప్పదని నిన్న డాక్టరుగారు చెప్పగానే మీ అబ్బాయి గోడకేసి తిరిగి ఏడ్చేశారు. మీరేమో ఆయన భుజం తట్టి, "ఇకనుంచి పాలిష్ డబ్బా రెట్టింపు రోజులొస్తుందిరా" అన్నారు.

మీకు భయం లేదనుకునేదాన్ని. ఇవాళ తెల్లారి మంచం అంచున ప్రార్థన చేసుకుంటుంటే మీ కళ్ళ వెంట నీళ్ళు కారడం చూశాను. ఆమెన్ అని తలెత్తేసరికి నవ్వుతున్నారు. అంత సంతోషం ఊరికే రాదని, రోజూ అడిగి తెచ్చుకుంటారని అప్పుడు తెలిసింది.

బూట్లు మంచం పక్కన పెట్టాను. రెండూ నేనే పాలిష్ చేశాను.

మీ కోడలు

తా.క. ఇవాళ ఇల్లంతా తిరగండి. ఆ గీతలు నేను తుడవను.