ఎనిమిదింటి పంక్తి

పెద్దాపురం,
17-8-1983

అమ్మకు మాణిక్యం నమస్కారాలు. ఇక్కడ మామయ్యగారు, మీ అల్లుడు, పిల్లలు, నేను కులాసాగా ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గుముఖం పట్టిందని అన్నయ్య రాసిన కార్డు చూసి కుదుటపడ్డాను.

మరిడమ్మ జాతరకి వచ్చి వెళ్ళిన అప్పాయమ్మ పిన్ని నీకు చెప్పినదంతా నిజమే. నాలుగు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. బస్టాండు దగ్గర హోటలు నుంచి క్యారేజీ తెప్పించాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని భయపడుతూ రాశావు. గుండ్రాయిలా ఉన్నానమ్మా.

పొయ్యి ఆపిన ముందురోజు పనసపొట్టు ఆవపెట్టి కూర చేశాను. పొట్టు కొట్టడానికే పొద్దున్నంతా పట్టింది. మామయ్యగారు ఎప్పటిలాగే పదింటికి చారూ మజ్జిగా చాలన్నారు. మీ అల్లుడు బట్టల కొట్లోకే హోటలు భోజనం తెప్పించుకున్నారు. బుల్లిబాబు ట్యూషన్ నుంచి స్నేహితులతో పూరీలు తిని వచ్చాడు. మీన ఆకలి లేదంది. రెండు దాటాక గిన్నె మూత తీస్తే కూర వండినది వండినట్టే ఉంది. అంట్లు తోమే తలుపులమ్మకి గిన్నెతో సహా ఇచ్చేశాను.

ఆ సాయంత్రం అందరూ ఉండగా చెప్పాను. "రాత్రి ఎనిమిదింటికి ఇంటిల్లిపాదీ ఒక్కసారి కూర్చుంటామంటేనే రేపట్నుంచి వండుతాను. నేనూ మీతోనే కూర్చుంటాను."

"మాకు వండొద్దని మేమెప్పుడన్నాం?" అన్నారు మీ అల్లుడు.

"అనలేదండి. తినడానికి రాలేదు."

మామయ్యగారు కుర్చీలోంచే అన్నారు, "ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానంగా పంక్తిలో కూర్చోడమేంటమ్మా?"

"సమానం కోసం కాదండి మామయ్యగారూ, వేడన్నం కోసం."

ఈ ఇంట్లో ఆయనకి నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన హోటలు క్యారేజీ ముట్టుకోలేదు. రెండు పూటలా అటుకులు మజ్జిగలో నానబెట్టుకుని తిన్నారు. అది చూడలేక రెండుసార్లు అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని మళ్ళీ గూట్లో పెట్టేశాను.

అయిదోనాడు ఏడున్నరకే కొట్టు కట్టేసి మీ అల్లుడు ఇంటికొచ్చారు. "హోటలు పప్పు నావల్ల కాదే," అని పీటలు వాల్చారు. అప్పుడు వెలిగించాను. వంకాయ అల్లం పచ్చిమిర్చి కూర, చారు. అన్నీ మధ్యలో పెట్టుకుని ఎవరికి వాళ్ళం వడ్డించుకున్నాం. మామయ్యగారు పీట దూరంగా వేయించుకుని గోడకేసి తిరిగి తిన్నారు. ఇప్పటికీ అటే తిరిగి తింటున్నారు గాని, నిన్న "కూరలో అల్లం ఎక్కువైంది" అని గోడతో అన్నారు.

ఆయన కాళ్ళకి దండం పెట్టి తప్పయిందని చెప్పమన్నావు. చెప్పను. తప్పనిపిస్తే నువ్వు చెప్పకుండానే చెప్పేదాన్ని.

అసలు సంగతి ఇంకా రాయలేదు. మీ అల్లుడికి కూడా చెప్పలేదు. తలుపులమ్మకి కూర ఇచ్చేశాక, చీర మార్చుకుని నేనొక్కదాన్నే ఆ హోటలుకి వెళ్ళాను. మా వాళ్ళందరికీ అక్కడ ఏం దొరుకుతోందో చూద్దామని. తెలిసినవాళ్ళు ఇద్దరు తల తిప్పి చూశారు. చూడనీ అని ఆకు ముందు కూర్చున్నాను. రుచేం లేదమ్మా, పప్పులో నీళ్ళే. కాని వడ్డించే పెద్దాయన పక్కనే నిలబడి, "మారు వడ్డించమంటారా అండి? అన్నం వేడిగా ఉంది," అన్నాడు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. కారం ఎక్కువైందనుకుని ఆయన మరో చెంచా నెయ్యి వేశాడు.

పరువు తీశానంటావు. అను. కాని నాన్నగారు లేచాక ఆయన కంచంలోనే చల్లారిన అన్నం తినేదానివి నువ్వు. నీకు కూర మిగిలిందో లేదో మేం ఆరుగురు పిల్లలం ఒక్కరోజూ చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది, హోటలుకి వెళ్ళినందుకు కాదు.

వచ్చే ఆదివారం కోరుకొండ వచ్చి నిన్ను తీసుకొస్తాను. మామయ్యగారేమంటారోనని ఆలోచించకు. మొదటి వాయి అన్నం నీ కంచంలోనే వేస్తాను.

ఇట్లు,
నీ మాట వినని పెద్దకూతురు
రత్నమాణిక్యం