ఏ జట్టూ లేని సేవ్యా

గూడూరు దగ్గర నుంచి,
శివరాత్రి వెళ్లిన ఆరో రోజు, 1950.

చిరంజీవి సత్తమ్మకు బాపు దీవించి రాయునది. ఇక్కడ అవ్వా, నేనూ, ఎడ్లూ క్షేమం. జనగామలో నువ్వూ, పిల్లా క్షేమమని తలుస్తాను. క్షేమం అని మొదలుపెట్టకపోతే ఉత్తరం కాదంటారు గనుక రాశాను, చివరిదాకా ఆ మాటను నమ్ముకుని కూర్చోకు. టపాలో వేస్తే మధ్యలో ఎవరెవరో చదువుతారని గాజులమ్మే ఎల్లక్క చేతికిచ్చి పంపుతున్నాను.

నీ ప్రశ్నలకు జవాబులు. అవ్వ నడుము నొప్పి అలాగే ఉంది. ఎర్రెద్దు కోలుకుంది. "నేను పంపిన మనిషి కడుపునిండ తింటున్నడా, నలుగురి కంట్ల పడకుంట ఉన్నడా?" అని అడిగావు. తిన్నాడు బిడ్డా, బాగానే తిన్నాడు. రెండోదానికి జవాబు కొంచెం దూరం నుంచి రావాలి.

చెడుగుడులో కూతకు వచ్చినవాడి నోరు కాదు, మోకాళ్లు చూడాలని మా తాత అనేవాడు. నోరు బొంకుతుంది, మోకాలు బొంకదు. పెళ్లిచూపుల్లో పిల్ల మోకాళ్లు చూపించమని అడిగి తన్నులు తిన్నాడట, అది వేరే కథ. ఆయన చూపే నాకూ వచ్చింది. నలభై ఏళ్లుగా మన ఊరి జట్టుకు మనుషుల్ని ఎంచింది నేనే.

అడవిలో దళంతో తిరుగుతున్న అల్లుణ్ణి భుజాన మోసి వాగు దాటించినవాడు సేవ్యా అని, ఎండాకాలం దాకా పాలేరులా దాచమని నువ్వు రాశావు. ఇరవై రోజులు కొట్టంలోనే దాచాను. ఒకనాడు కోడె తాడు తెంపుకుని ఉరికింది. సేవ్యా నేల మీదికి దూకి దాని వెనకకాలు గిట్ట మీద పట్టాడు. కోడె ఆగిపోయింది. నా బుద్ధి కూడా అక్కడే ఆగిపోయింది. మన జట్టులో పట్టేవాడు లేక కురవి జాతరలో మూడేళ్లుగా ఓడుతున్నాం.

మర్నాడు గడ్డివాము వెనక గీత గీసి, ఇంత ముసలివాణ్ణయినా నేనే కూత పెట్టి పోయాను. రెండు అంగల్లో నన్ను పడేశాడు.

"ఏ జట్టుల ఆడినవ్‌రా?"

"ఏ జట్టు లేదు బాపు. తండల లేగల ఎంట ఉరికిన, గంతే."

మడమలు చూశాను, మోకాళ్లు చూశాను, ఊపిరి చూశాను. ఎడమ భుజం మీద ఏటవాలుగా నల్లటి చార ఉంది.

"కావడి మోసినవా?"

"మోసిన," అన్నాడు, నా వైపు చూడకుండా.

కావడి మచ్చ అలా ఉండదు. అది తుపాకి తగిలించుకునే పటకా ఒరుసుకున్న మచ్చ. నాకు తెలుసు. తెలిసీ, మట్టి రాసుకుంటే కనపడదులే అన్నాను.

"కురవికి వద్దు బాపు. ఆడ పోలీసోళ్లుంటరు."

"ఒక్క ఆట బిడ్డా. జాతరల ఎవడు ఎవన్ని చూస్తడు?"

చూసేవాడు ఉన్నాడు. ఈ ఏడు పోలీసు క్యాంపువాళ్లే ఒక జట్టు దింపారు. వాళ్ల జమేదారు గీత పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాళ్లలో గట్టివాణ్ణి సేవ్యా మూడుసార్లు పట్టాడు. నేను పిల్లాడిలా గంతులేశాను. మూడోసారికి చెమటకు మట్టి కారిపోయింది. జమేదారు లేచాడు. అతనూ నాలాగే చూశాడు, మడమలు, మోకాళ్లు, భుజం. నా చూపు జారిపోయిన చోట అతని చూపు ఆగింది.

"ఎవడ్రా వీడు? ఏ ఊరి జట్టు?"

సేవ్యా నా వైపు చూశాడు. 'నా పాలేరు, చిన్ననాటి నుంచి నా ఇంట్లోనే పెరిగాడు' అంటే ఊరంతా తల ఊపేది. బతికేవాడో లేదో చెప్పలేను. ఆ మాట అనలేదు సత్తమ్మా. ఇంతసేపూ తాత మోకాళ్ల కథ చెప్పింది ఇది చెప్పలేకే.

"ఏ జట్టోడు గాదు దొరా. దారిన పొయ్యెటోడు. మనిషి తక్కువైతే దింపినం," అన్నాను.

చేతులు కట్టి తీసుకుపోతుంటే నా ముందు ఒక్క క్షణం ఆగాడు.

"పట్టు మంచిగున్నదా బాపు?"

ఎత్తిపొడిచాడో, నిజంగానే అడిగాడో తెలియదు. నలభై ఏళ్లు అందరి పట్టుకూ తీర్పు చెప్పినవాణ్ణి, నేల మీది గీతను కాలితో చెరిపాను.

మూడోనాడు అడవి అంచున శవమై దొరికాడు. ముఖం గుర్తుపట్టేలా లేదు. తండావాళ్లు నన్ను పిలిపించారు. మోకాళ్లు చూసి చెప్పాను.

ఆట మనమే గెలిచామట. ఇత్తడి బిందె ఇంటికి పంపారు. అవ్వ దాన్ని ముట్టడం లేదు, నాతో మాట్లాడడం లేదు. అల్లుడికి కబురు పంపేటప్పుడు నా పేరు దాచకు.

ఇట్లు,
ఇప్పుడు ఏ జట్టుకూ చెందని నీ బాపు,
రాజమౌళి