సుశీల చేలో బంతిపూలు

19 నవంబరు 2004, శుక్రవారం
ఓర్వకల్లు

ఈరోజు కూడా రెండు గంపల టమాటాలు గట్టు మీద పారబోశాను. ప్రతి కాయకూ రంధ్రమే. పురుగు తల కాయ లోపల, ఒళ్లు బయట. పక్క చేను నా తోడికోడలు సుశీలది. దేవుడికి దీపం పెట్టడానికి కూడా బద్ధకించే మనిషి, ఆమె కాయలు మాత్రం నున్నగా మెరుస్తున్నాయి.

ఒకే నారు నాటాము. వ్యవసాయాధికారి చెప్పాడని ఇద్దరమూ సాళ్ల మధ్య బంతి వేశాము. సాయంత్రం ఉండబట్టలేక అడిగాను.

"నీ చేనికి పురుగే రాదా సుశీలా?"

ఆమె ఒక బంతిపువ్వు విప్పింది. లోపల పచ్చటి పురుగు. "ఈడుండాది చూడక్కా. రెక్కల పురుగు పొద్దుగూకినాక వచ్చి బంతిపూలమీదే గుడ్లు పెడతాది. పురుగు పట్టిన పూలు నేను తుంచి కాల్చేస్తా. నువ్వేమో తెల్లారేసరికి మొగ్గ గూడా మిగల్చకుండా దేవునికి కోస్తాండావు. పాపం, అది యాడికి పోవాల? నీ టమాటాల్లోకే!" అని పకపకా నవ్వింది.

దీపం ముందు కూర్చున్నప్పుడు ఆమె చేనూ పాడైపోతే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాను. స్వామీ, క్షమించు.

రేపు శనివారం. బంతిమాల లేకుండా స్వామికి ఎన్నడూ పూజ చేయలేదు. రేపు తులసి ఒక్కటే పెట్టి, పూలు చెట్లకే వదిలేయాలి. కానీ సుశీల అది చూసి, "నా మాట విన్నావా అక్కా" అంటుంది. దానికంటే ఆ పురుగే నయమనిపిస్తోంది...