మార్జరీ గారితో వర్తమాన కాలం

ఏప్రిల్ 3, సోమవారం
పక్కింటి మార్జరీ గారు ఇంగ్లండు మనిషి. భర్త డెరెక్ పోయాక మా బల్గేరియా పల్లెలో ఇల్లు కొనుక్కున్నారు. ఈరోజు కంచె మీంచి ఆవిడతో, "మై గోట్ ఈట్స్ యువర్ రోజెస్" అన్నాను. మేకలంతే కదా అన్నట్టు నవ్వి, టీ తాగుతూ కూర్చున్నారు. అప్పటికి నా మేక మూడో గులాబీ మొక్క మీద ఉంది!

టర్నోవో పట్నంలో హోటల్లో పనిచేసే మా మేనకోడలు నెవెనా ఫోన్లో తిట్టింది. "మావయ్యా, రోజూ తింటే ఈట్స్. ఇప్పుడు తింటుంటే ఈజ్ ఈటింగ్. మన బల్గేరియన్లో రెంటికీ ఒకటే మాట. అందుకే నీ బుర్రకెక్కట్లేదు."

నిర్ణయం: రేపటినుంచి వర్తమాన కాలంలో ఒక్క తప్పూ దొర్లకూడదు. మిగతా కాలాల సంగతి తర్వాత.

ఏప్రిల్ 5
అద్భుతం! "ఐ యామ్ డిగ్గింగ్. ఐ డిగ్ ఎవ్రీ స్ప్రింగ్." రెండూ తడుముకోకుండా వచ్చాయి. మార్జరీ గారు చప్పట్లు కొట్టి, శనివారం భోజనానికి పిలిచారు. మా ఆవిడ జ్లాట్కా పోయాక నన్ను ఇలా పిలిచినవాళ్ళు లేరు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.

ఏప్రిల్ 8, శనివారం
విజయం! వాళ్ళ ఈస్టర్ రేపే, మా ఆర్థడాక్స్ వాళ్ళది ఇంకో వారానికి; మాకింకా ఉపవాసాలే, అయినా కోడి తిన్నాను. వద్దనడానికి క్రియ దొరకలేదు.
ఇంట్లోవాళ్ళ గురించి అడిగారు. "మై వైఫ్ కుక్స్ బీన్ సూప్. షి సింగ్స్. షి షౌట్స్ ఎట్ మి." మూడింటికీ ఎస్ పెట్టాను! ఆవిడ ముఖం మారిపోయింది. నా వ్యాకరణం చూసి ఆశ్చర్యపోయి ఉంటారు.
కాఫీ ఇవ్వలేదు.

ఏప్రిల్ 11
మార్జరీ గారు కంచె వైపే రావడం లేదు. వాళ్ళ ఈస్టర్ అయిపోయింది, అలసట కావచ్చు.
వాన. సాధన చెయ్యలేదు.

ఏప్రిల్ 13
నెవెనా వచ్చింది. పక్కింటికి వెళ్ళి, తల పట్టుకుని తిరిగొచ్చింది.
"అత్తయ్య బతికే ఉందనుకుంటోంది మావయ్యా ఆవిడ! పెళ్ళాం ఉన్న మగాణ్ణి ఒంటరిగా భోజనానికి పిలిచానే అని సిగ్గుతో చచ్చిపోతోంది."
"ఎస్ పెట్టానుగా?"
"పెట్టావు. మనిషి పోయి మూడేళ్ళయింది. సింగ్స్ కాదు, శాంగ్ అనాలి. ఏదీ, అను."
అనబోయాను. రాలేదు.
"నువ్వు చెప్పేశావా ఆవిడకి?"
"నేనెందుకు చెబుతాను? నువ్వే చెప్పుకో."

ఏప్రిల్ 14
రకియా, మా పళ్ళ సారా. రెండు గ్లాసులు. మేకతో బల్గేరియన్లోనే మాట్లాడాను. ఇంగ్లీషు మనకు పడదు.

ఏప్రిల్ 16, మా ఈస్టర్
ఎర్ర రంగు వేసిన పండగ గుడ్లు పట్టుకుని మార్జరీ గారి తలుపు కొట్టాను. "కమ్" అన్నాను, అంతే. శ్మశానానికి తీసుకెళ్ళాను. సమాధి రాతి మీద జ్లాట్కా ఫొటో, కింద పుట్టిన, పోయిన సంవత్సరాలు.
"దిస్ ఈజ్ మై వైఫ్. షి..." ఆగిపోయాను.
మార్జరీ గారు చాలాసేపు ఫొటో చూశారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అన్నారు. "మై డెరెక్ స్నోర్స్. వెరీ లౌడ్లీ."
స్నోర్స్. ఎస్ స్పష్టంగా వినపడింది.

ఏప్రిల్ 17, సోమవారం
మళ్ళీ మొదలు. వర్తమాన కాలమే. షి సింగ్స్, హి స్నోర్స్. పది సార్లు పైకి చదివాను.