పళ్లేల మిషనులో ఊడని నట్టు

కప్పగల్లు,
3-8-1964

బావమరిది జీవానందానికి, దేవుని దయవల్ల క్షేమంగా ఉన్న మీ బావ సాలొమోను రాసేది.

ఇంగ్లండు పోతూ పోతూ చర్చి దొరసాని, పాత్రలు కడిగే కరెంటు మిషనును మీ అక్క సరోజమ్మకు ఇచ్చిపోయింది. మూడు వారాలు భేషుగ్గా కడిగింది. నిన్న కోడికూర తిన్న పళ్లేలు అట్లే పెట్టినాను. ఎముక ముక్క ఒకటి అడుగునున్న చక్రం కింద ఇరుక్కుంది. చక్రం తిరగదు, దాన్ని పట్టుకున్న నట్టు ఊడదు. నువ్వు కూరెకుప్పలో గని లారీలు బాగుచేస్తావు గదా, ఏదైనా ఉపాయం రాయి. నువ్వు రావాలని కాదు, ఉత్తరం చాలు. పాప బాప్తిస్మానికి కార్డుతో పిలిచినానని రెండేళ్లుగా మా గడప తొక్కనివాడివి.

ఇట్లు,
సాలొమోను, హెడ్మాస్టరు

తా.క.: నీ పేరెత్తితే మీ అక్క కొంగు కళ్లకు అద్దుకుంటుంది. ఉల్లిగడ్డలు తరుగుతున్నానంటుంది. మా ఇంట్లో ఉల్లిగడ్డలు అయిపోయి వారమైంది.

కూరెకుప్ప,
8-8-1964

బావకు, ఏదీ మర్చిపోని జీవానందం వందనాలు.

అక్క బిడ్డకు మేనమామను నేను. ఊరందరికీ పంచిన అచ్చు కార్డే నాకూ పంపితివి. ఇంటికొచ్చి నోటితో పిలిచింటే నడిచైనా వచ్చేవాణ్ణి. పోనీలే.

నట్టు మీద కిరసనాయిలు పోసి తెల్లారేదాకా నాననీ. పొద్దున స్పానరు పెట్టి ఎడమకు తిప్పు. లారీ నట్లే ఊడొస్తాయి, ఇదెంత?

జీవానందం

తా.క.: ప్లగ్గు పీకి చెయ్యి పెట్టు బావా. కోపం యాడికీ పోలేదు గానీ, మా అక్కకు నువ్వొక్కడివే ఉండావు.

కప్పగల్లు,
14-8-1964

జీవానందానికి, ఒళ్లంతా కిరసనాయిలు కంపుతో మీ బావ రాసేది.

నీ మాట విని సీసాడు పోసినాను. పొద్దున నట్టు ఒక చుట్టు తిరిగింది. బడికి వేళైందని వదిలిపోయినాను. సాయంత్రం వచ్చి చూస్తే మళ్లీ బిగుసుకుపోయింది! నాలుగు దినాలుగా ఇదే వరస. గిన్నెలు ఆ మిషనులోనే బోర్లిస్తున్నాం. పాస్టరుగారు భోజనానికి వచ్చి, రసం ఒక్క గుటక వేసి, "లాంతరేమైనా ఒలికిందా అయ్యా?" అన్నారు. నా పరువు పోయింది. కావాలనే తప్పు ఉపాయం రాసినావా?

సాలొమోను

తా.క.: "మా తమ్ముడు వచ్చి కంటితో చూస్తేగానీ కుదరదేమో" అని మీ అక్క రోజూ అంటుంది. ఆమెకు మిషన్ల సంగతి ఏం తెలుసు!

కూరెకుప్ప,
18-8-1964

బావకు, మండిపోతాండే జీవానందం రాసేది.

ఏంది బావా! పొద్దున వదులైన నట్టు సాయంత్రానికి బిగుసుకుంటాదా? పద్నాలుగేండ్లుగా స్పానరు పట్టినా, అట్లాంటి నట్టు యాడా చూళ్లేదు. నట్టు సాకు పెట్టి నన్ను పిలవకుండానే రప్పించుకోవాలని చూస్తాండావు. "రా" అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? నేను రాను. నీ నట్టూ వద్దు, నీ కార్డూ వద్దు.

జీవానందం

తా.క.: పాపకు మాటలొచ్చినాయంట. "మామా" అంటాదా? నేనడిగినానని అక్కకు చెప్పొద్దు.

కప్పగల్లు,
24-8-1964

మా జీవానందానికి, తల దించుకొని సాలొమోను రాసేది.

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. ఆ నట్టును ఎట్లయినా విప్పి నీకు పార్సిలు పంపుదామని మధ్యాహ్నమే బడి నుంచి ఇంటికొచ్చినాను. వచ్చి చూద్దును గదా, మీ అక్క మిషనులో తల దూర్చి, రెండు చేతులా స్పానరు పట్టుకొని నట్టు బిగిస్తోంది! నేను పొద్దున వదులు చేసిందంతా ఆమె రోజూ బిగిస్తున్నదట.

"ఏంది సరోజా ఇది?" అన్నాను. స్పానరు ఒళ్లో పెట్టుకొని కూలబడి ఏడ్చింది. "ఇది ఊడొస్తే మా తమ్ముడు ఇంకెందుకొస్తాడు? మీరా పిలవరు, వాడా పిలవందే రాడు. మధ్యలో నేనేం చేయాల?" అంది.

తప్పు చేస్తే ఒప్పుకోవాలని పిల్లలకు రోజూ పాఠం చెప్పేవాణ్ణి. ఒక్క మాటకు బెట్టు చేసి రెండేళ్లు ఆమెను ఏడిపించినాను. తప్పు నాదే జీవానందం. శనివారం మొదటి బస్సుకు నేనే కూరెకుప్ప వస్తున్నాను. "రా" అని ఈ ఉత్తరంలో మాత్రం రాయను. నీ గుమ్మంలో నిలబడి నోరారా అంటాను.

నీ బావ,
సాలొమోను

తా.క.: తిరుగు బస్సులో నాతో వచ్చేటప్పుడు నీ దగ్గరున్న స్పానర్లలో పెద్దది తెచ్చుకో. మీ అక్క ఆఖరున బిగించింది నిజంగానే ఊడడంలేదు.