ఇంగ్లీషు పాటకు నా ముక్తాయింపు

కోడంబాక్కం, 1996, శనివారం

మనవరాలు సుధ బ్యాండు కాలేజీల పోటీలో సెమీఫైనలు గెలిచి ఫైనలుకు చేరింది. అది నా చేతి చలవే. వాళ్లు ఎత్తుకున్నది ఇంగ్లండు కుర్రాళ్ల హిట్ పాట. డ్రమ్సు పిల్లాడికి జ్వరమొస్తే నేను డోలక్ తీశాను.

"తాతా, నీకు మ్యూజిక్ నోట్సు చదవను రాదే!" అంది సుధ.

"ముప్పై ఏండ్లు ఈడ స్టూడియోల్లో చెవితోనే వాయించినా. క్యాసెట్టు పెట్టవే."

క్యాసెట్టులో ఆ పాట ముగియదు, సన్నబడి మాయమైపోతుంది. వేదిక మీద ఎలా ఆపాలో తెలియక పిల్లలు చివరి ముక్కనే తిప్పి తిప్పి పాడుతున్నారు. మూడుసార్లు ముక్తాయింపు కొట్టి నేనే ఆపాను. హాలంతా లేచి ఈలలు వేసింది.

వచ్చేవారం ఫైనలు. ఆలోపు ఆ పిల్లాడికి జ్వరం తగ్గితే నన్ను పిలుస్తారా? తగ్గకూడదనుకోవడం తప్పే. కానీ పాట ఆపడం వాడికి చేతనవుతుందా...