అప్పలమ్మ చొక్కా

మంగళవారం, భన్‌పురి

పొద్దున ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైందని సైరన్ మోగింది. అలాంటప్పుడు అందరూ తలదాచుకునే రక్షణ గది తలుపు దగ్గర డ్యూటీ నాదే. గ్యాస్ పట్టిన పైబట్టలు బయట సంచిలో వేశాకే ఎవరినైనా లోపలికి పంపాలి. కూలి ఆడవాళ్లు చీర మీద తొడుక్కునే మగవాళ్ల చొక్కాలన్నీ విప్పేశారు. అప్పలమ్మ ఒక్కతే విప్పలేదు.

"పోయిన మా ఆయనది బాబూ. ఇదొక్కటే మిగిలింది. ఒళ్లో ఎట్టుకుని కూకుంటాను."

"లోపల ఇంతమంది ఉన్నారు, జల్దీ విప్పమ్మా!" అని అరిచాను.

విప్పి, మడతపెట్టి మరీ ఇచ్చింది. నేను సంచిలో కుక్కేశాను.

రూలు ప్రకారం సంచులు కాల్చేశాక తెలిసింది, గాలి వేరేవైపు తిరిగిందని, మావైపు గ్యాస్ రానేలేదని. అప్పలమ్మకు చెప్పలేకపోయాను.

రేపు పనిలోకి ఏం తొడుక్కొస్తుందో! ఇందాక నా పాత చొక్కా ఒకటి తీశాను. కాసేపు పట్టుకుని, మళ్లీ బీరువాలో పెట్టేశాను.